ఉగ్రం తరువాత: గోదావరి డెల్టా పురాణగాథల్లో హింస, బాలశ్రోత

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట వెలసిన అంతర్వేదికి మాఘమాసంలో తీర్థానికి వెళ్లే కుటుంబాల వెంట పసిపిల్లలు ఉండనే ఉంటారు. శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ పిల్లలు జీళ్లతో, బూరలతో పాటు ఇంటికి తెచ్చుకునేది ఒక కథ. హిరణ్యాక్షుని కొడుకు రక్తవిలోచనుడు శివుని గురించి తపస్సు చేసి, తన ఒంటినుంచి చిందిన నెత్తురు ఎన్ని ఇసుకరేణువులను తడిపితే అంతమంది తనవంటివారు పుట్టాలని వరం పొందాడు. విశ్వామిత్రుని ప్రేరణతో వశిష్ఠుని నూరుగురు కొడుకులను చంపాడు. వశిష్ఠుడు మొరపెట్టుకోగా నరసింహుడు వచ్చి చక్రం ప్రయోగించాడు. నెత్తురు ఇసుకమీద పడిన ప్రతిచోటా కొత్త రాక్షసుడు లేచాడు. అప్పుడు మాయాశక్తి తన నాలుకను నేలంతటా పరిచి ఒక్క బొట్టయినా ఇసుకకు తగలకుండా పట్టింది. రాక్షసవధ ముగిశాక ఆమె విడిచిన ఆ నెత్తురే రక్తకుల్య అనే ఏరయిందని స్థలపురాణం. ఆ శక్తినే అశ్వరూఢాంబిక అనీ, గుర్రాలక్క అనీ అక్కడ కొలుస్తారు.

దేవీమాహాత్మ్యంలోని రక్తబీజుని వృత్తాంతానికి ఇది డెల్టా రూపాంతరమని వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి ప్రత్యేకత ఇసుక. ఏటిఒడ్డున ఇసుకగూళ్లు కట్టుకునే పిల్లవాడికి ఇసుకరేణువులను లెక్కపెట్టలేమని తెలుసు. కథలోని భయం అతని అరచేతిలోనే ఉంది.

ఇటువంటి కథను నాలుగైదేళ్ల పిల్లలకు చెప్పవచ్చునా? ఈ ప్రశ్న నేడు ముఖ్యంగా దృశ్యమాధ్యమాల సందర్భంలో వినిపిస్తోంది. 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చిత్రం విడుదలైనప్పుడు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసిన తల్లిదండ్రులు ఎందరో. బొమ్మల సినిమా కాబట్టి పిల్లలది, దేవుని కథ కాబట్టి మంచిది అనే రెండు అనుమానాలు కలిసి ఒక సిద్ధాంతమైపోయాయి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో వచ్చిన సవరణ యు/ఎ వర్గాన్ని ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల మెట్లుగా విడగొట్టింది. అంటే రాజ్యం ఈ ప్రశ్నను వయస్సు అనే ఒక్క కొలతతో తేల్చబోయింది. కథకు మనవద్ద అంతకుముందే మరొక కొలత ఉండేదని, గోదావరి డెల్టాలోని స్థలపురాణాలు, ప్రదర్శనలు, పాఠ్యగ్రంథాలు ఆ కొలత ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిపోయిందో చూపుతాయని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ కొలత ఉగ్రం ఎంత ఉన్నదన్నది కాక, ఉగ్రం తరువాత కథ ఎంతదూరం నడిచిందన్నది.

నెత్తుటి పటం

డెల్టా పుణ్యక్షేత్రాల పటాన్ని కథలపరంగా చదివితే అది దాదాపు ఒక యుద్ధభూమి. తారకాసురుని మెడలోని లింగాన్ని కుమారస్వామి ఛేదించగా ముక్కలు అయిదుచోట్ల పడ్డాయనేది పంచారామాల కథ. అమరావతి ఒక్కటి కృష్ణాతీరంలో ఉంటే, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరంలోని గునుపూడి, పాలకొల్లు, ఈ నాలుగూ గోదావరి మండలంలోవే. ద్రాక్షారామానికి దక్షయజ్ఞ ధ్వంసంతోనూ సంబంధం చెబుతారు. పిఠాపురంలో గయాసురుని దేహభాగం పడింది. పురుహూతికాదేవి పీఠం సతీదేవి ఛిన్నశరీరాన్ని గుర్తుచేస్తుంది. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వరిచేలమీదుగా, కాలువలు దాటి తరలివచ్చేటప్పుడు పిల్లలు కూడా గొంతు కలిపే ‘శరభ, అశ్శరభ’ అనే కేక వీరభద్ర సంప్రదాయానిది. పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు, మధ్యలో తెగిన తలలు, చీలిన పొట్టలు. కోనసీమను గురించి వర్ణనాత్మకంగా రాసేవారు ఈ రెండో సగాన్ని ఎందుకో ముట్టుకోరు.

అయితే ప్రతి క్షేత్రంలోనూ నేడు పూజలందుకొనేది యుద్ధం కాదు, యుద్ధం చల్లారిన స్థితి. సామర్లకోటలో లింగాన్ని ప్రతిష్ఠించినవాడు కుమారస్వామియే అంటారు. చంపినవాడే చచ్చినవాని మెడలోని దేవుణ్ణి తీసి గుడి కట్టాడన్నమాట. అంతర్వేదిలో రాక్షసుణ్ణి చంపిన స్వామి లక్ష్మీసమేతుడై ఉన్నాడు. అన్నిటికంటె స్పష్టమైన ఉదాహరణ వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళ. దక్షుని యజ్ఞం ధ్వంసమైన తరువాత కూడా వీరభద్రుని కోపం తీరలేదు. లోకాలకు ఆ కోపమే ముప్పుగా మారింది. దాన్ని చల్లార్చడానికి భద్రకాళి కన్యారూపంతో ఎదుట నిలిచింది, ఇద్దరికీ పెళ్లయింది. ఆ పెళ్లి ఒక్కసారి జరిగి ఊరుకోలేదు. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి అక్కడ నిత్యకల్యాణం. కోపం ఏరోజుకారోజు పుడుతుందనీ, ఏరోజుకారోజు చల్లార్చాలనీ గ్రహించిన సంప్రదాయమే అటువంటి ఆచారాన్ని కల్పించగలదు. కల్యాణపు అక్షతలు ఏరుకుంటున్న పిల్లలకు దక్షుని తల తెగిన సంగతి, ఆ తలకు బదులు గొర్రెతల అతికిన సంగతి ఒకే ఊపులో అందుతాయి. వారు రెండోదానికి నవ్వుతారు. ఆ నవ్వు కథలో అంతర్భాగమే.

రాజమహేంద్రవరంలోనే మొదలైన ఆంధ్రమహాభారతానికి కూడా ఇదే నడక ఉంది. రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ చేపట్టిన ఆదిపర్వపు ప్రవేశద్వారం సర్పయాగం: ఒక జాతిని మొత్తం అగ్నిలో వేసే క్రతువు. దాన్ని ఆపినవాడు ఆస్తీకుడు. వ్యాసభారతంలో జనమేజయుడు అతన్ని బాలుడుగానే గుర్తించి, మాటల్లో మాత్రం పెద్దతనం ఉందని ఆశ్చర్యపోతాడు. తెలుగులో మన తొలి మహాకావ్యం పెద్దల హింసను ఆపే పిల్లవాని కథతో తలుపు తెరిచింది. బాలసాహిత్య చరిత్రకారులు ఈ విషయాన్ని ఇంకా తగినంత పట్టించుకోలేదనే నా అభిప్రాయం.

తండ్రి ఒడి

నరసింహకథకు తెలుగులో ప్రామాణిక రూపం పోతన సప్తమస్కంధం. అది గోదావరి తీరంలో పుట్టిన గ్రంథం కాకపోయినా, డెల్టా ఇళ్లలో పిల్లల నోటికి వచ్చిన పద్యాల్లో దానివి తక్కువేమీ కాదు. ఈ కథలో పిల్లలను భయపెట్టేది గోళ్లతో పొట్ట చీల్చడమేనని పెద్దలమందరం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా నాయనమ్మ ఈ కథ చెప్పేటప్పుడు స్తంభం పగిలేచోట నాకు హుషారు వచ్చేది తప్ప భయం వేయలేదు. భయం అంతకుముందే, హిరణ్యకశిపుడు కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావని ముద్దుగా అడిగి, జవాబు విని అదే ఒళ్లోంచి కిందికి తోసేచోట. గ్రంథాన్ని శ్రద్ధగా చూస్తే కవి కూడా అక్కడే బరువు ఉంచాడనిపిస్తుంది. ఏనుగులు, పాములు, విషం, కొండ చరియ, నిప్పు, సముద్రం, ఇవన్నీ వరసగా, దాదాపు జాబితాగా సాగిపోతాయి. ఒడి మాత్రం ఒకే ఒక్కసారి వస్తుంది.

పసివానికి రాక్షసుడు దూరపువాడు, తండ్రి దగ్గరివాడు. అందుచేత ఈ కథలోని నిజమైన హింస ఇంటిలోపలి హింస. చండామార్కుల బడి, పాఠం అప్పగింత, తండ్రికి నచ్చని జవాబు చెప్పిన పిల్లవాడు: ఈ సామగ్రి మొత్తం బాలశ్రోత నిత్యజీవితంలోనిదే. పురాణాన్ని పిల్లలకు తగ్గించి చెప్పాలనేవారు నెత్తురును తగ్గిస్తారు గాని ఒడిని తగ్గించాలని ఎవరికీ తోచదు. తోచకపోవడమే మేలయిందేమో. ఆ ఒడిలోంచి పడినవాడు చివరికి ఎక్కడికి చేరాడన్నదే ఈ కథకు ప్రాణం.

వధ అయిపోయింది. నరసింహుని ఆగ్రహం తీరలేదు. దేవతలు దూరంనుంచే స్తుతించారు. లక్ష్మీదేవి సైతం దగ్గరికి పోవడానికి జంకింది. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. పిల్లవాడు వెళ్లి పాదాలమీద వాలాడు, స్వామి లేవనెత్తి తలమీద చెయ్యి వేశాడు. అక్కడినుంచి సాగే ప్రహ్లాదస్తుతి వధాఘట్టం కంటె చాలా పెద్దది. అందులో ఆ పసివాడు, ఈ కోరలూ ఈ గోళ్లూ నాకు భయం కలిగించడం లేదు, నా భయం సంసారచక్రం అన్న అర్థంలో మాట్లాడతాడు. కథనపరంగా జరిగింది ఒక్కటే: పెద్దలెవరికీ చేతకాని ఉపశమనం పిల్లవాని చేతిలో పెట్టారు. వినే పిల్లవాని స్థానం ఇక్కడ పూర్తిగా మారిపోతుంది. అంతవరకు అతడు ఇతరుల కోపానికి గురి అయినవాడు, ఇప్పుడు కోపాన్ని దింపగలవాడు.

ఇదే కథలో వయోపరిమితి ప్రశ్నకు ఒక కొంటె జవాబు కూడా ఉంది. ప్రహ్లాదుడు ఇదంతా నేర్చుకున్నది బడిలో కాదు. తల్లి లీలావతికి నారదుడు చెబుతుంటే గర్భంలో ఉండి విన్నాడు. ఏడేళ్లవాడు, పదమూడేళ్లవాడు అని మెట్లు కట్టే చట్టాన్ని చూసి నారదుడు ఏమనుకునేవాడో!

దీపం, కేతిగాడు

కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల ఊరుగా ప్రసిద్ధం. పాల్కురికి సోమనాథుని నాటికే ప్రస్తావనకెక్కిన ఈ కళలో రామాయణ భారతాలే ప్రధాన ఇతివృత్తాలు; అందులోనూ లంకాదహనం, మైరావణవృత్తాంతం, కీచకవధ వంటి రౌద్రఘట్టాలు. తెరవెనుక దీపం కదిలితే పదితలల రావణుడు ఒకసారి తెరంతా ఆక్రమిస్తాడు, మరుక్షణం కుంచించుకుపోతాడు. నూనెదీపాల రోజుల్లో నిద్రమధ్యలో కళ్లు తెరిచిన పసివానికి అది ఎంతటి అనుభవమో ఊహించవచ్చు. సినిమా కంటె ఇది తక్కువ భయంకరమని మనం అనుకుంటే ఆ తెరముందు కూర్చోని దోషమే.

అయితే ఆటకు తనదైన నియమం ఉంది. రౌద్రం పతాకస్థాయికి వెళ్లగానే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెరమీద ఊడిపడతారు. వారి సరసాలు, తిట్లు, దెబ్బలాటలు ప్రధానకథకు సంబంధం లేనివిగా కనిపిస్తాయి. సంస్కరణయుగపు అభిరుచికి ఇవి అశ్లీలాలు. పిల్లలకు ఏది తగదు అని అడిగితే ఆనాటి చదువుకున్నవారు యుద్ధాన్ని కాక కేతిగాణ్ణే చూపేవారు. కాని నిర్మాణదృష్టితో చూస్తే కేతిగాడు మురమళ్ళ కల్యాణం చేసే పనినే మరో భాషలో చేస్తున్నాడు. అతడు వచ్చాడంటే ఇందాక చచ్చినది తోలుబొమ్మేనని పిల్లలకు గుర్తు. పక్కన అమ్మో, మేనమామో ఉన్నారు. భయం వేస్తే వారి ఒళ్లోకి దూరవచ్చు, నిద్ర వస్తే నిద్రపోవచ్చు. కథ రాత్రంతా నడుస్తుంది కాబట్టి ఎవరూ దానిని పూర్తిగా చూడాలన్న నిర్బంధం లేదు.

సంధి లేని పుస్తకం

ముద్రణ వచ్చాక ఈ నియమం సడలింది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడి తరతరాల తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. దేవతల యుద్ధాల స్థానంలో జంతువుల కథలు. వీటిలో నీతి ఉంది, నెత్తురు లేదు అన్న భావన విద్యావర్గాల్లో స్థిరపడింది. ఈ భావన ఎంత తప్పో మిత్రభేదం ముగింపు చూస్తే తెలుస్తుంది. పింగళకుడనే సింహం తనను నమ్మిన సంజీవకుడనే ఎద్దును చంపుతుంది. కొండెం చెప్పి ఆ చావు తెచ్చిన దమనకుడు దండన పొందకపోగా, రాజును ఓదార్చే మంత్రిగా మిగులుతాడు. అంతర్వేది కథలో నెత్తురు పట్టడానికి ఒక నాలుక ఉంది; ఇక్కడ అదీ లేదు. పిల్లలకు దీన్ని పాఠంగా చెప్పి, సంధులు విడదీయించి, ప్రతిపదార్థాలు రాయించాం. ఎవరూ అభ్యంతరపెట్టలేదు. నెత్తురు గ్రాంథికభాషలో ఉంటే పెద్దలకు కనిపించదు.

సూరి మిత్రలాభ మిత్రభేదాలవద్ద ఆగిపోగా, విగ్రహాన్నీ సంధినీ తెలుగు చేసినవారిలో రాజమహేంద్రవరంలో పుట్టిన కందుకూరి వీరేశలింగం ముఖ్యుడు. విగ్రహం అంటే యుద్ధం, దాని తరువాతిది సంధి. హితోపదేశకర్త ఈ క్రమాన్ని ఊరకే పెట్టలేదు. యుద్ధం చదివిన రాజకుమారులు సంధి చదవకుండా లేవకూడదు. తరగతిగదిలో స్థిరపడినవి మాత్రం మొదటి రెండు భాగాలు. వీరేశలింగం వచనశైలి గురించి, సూరితో పోలిక గురించి మనం చేసిన చర్చలో పదోవంతైనా ఈ పూర్తిచేయడంలోని ధర్మం గురించి చేయలేదు.

అదే నగరంలో 1889లో చిలకమర్తి లక్ష్మీనరసింహం కీచకవధతో నాటకరచన మొదలుపెట్టి, ఆ వెంటనే గయోపాఖ్యానం రాశాడు. ఆయన నాటకాల్లో ఆనాటి విద్యార్థి టంగుటూరి ప్రకాశం స్త్రీపాత్రలు ధరించాడు. అంటే కుర్రవాళ్లు ప్రేక్షకులే కాదు, పాత్రధారులు కూడా. రెండు నాటకాల భాగ్యం వేరువేరుగా ఉండటం గమనించదగింది. కీచకవధ పేరులోనే వధ ఉంది. గయోపాఖ్యానంలో కృష్ణార్జునులే ఎదురెదురుగా నిలిచిన యుద్ధం ఆగిపోతుంది, గయుని ప్రాణం దక్కుతుంది. ఆంధ్రదేశం ఊరూరా ఆడుకున్నది రెండోదాన్ని.

చలనచిత్రం ఈ చరిత్రలోకి ప్రహ్లాదుని వెంటే వచ్చింది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని ఆడుతూ వచ్చిన సురభివారి రంగస్థలం దానికి ఆధారం. 1967 నాటి ఏ.వి.ఎం. చిత్రంలో ఎస్.వి.రంగారావు ఎదుట బాలనటి రోజారమణి ప్రహ్లాదుడు. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి లీలావతి, కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ నారదుడు. డెల్టా పిల్లలకు హిరణ్యకశిపుని ముఖం అప్పటినుంచి రంగారావు ముఖమే. నరసాపురంలో పుట్టిన బాపు 1976లో తీసిన ‘భక్త కన్నప్ప’లో కన్ను పెరికే ఘట్టం మరో తరానికి అటువంటి గుర్తు. తెరమీద కొత్తగా వచ్చిన మార్పు హింస పరిమాణంలో కంటె కాలంలో ఉంది. సినిమాకు వధ పతాకసన్నివేశం. ఆ తరువాత మిగిలేది ప్రేక్షకులు చెప్పులు వెతుక్కునే సమయం. స్తుతికి, ఉపశమనానికి సప్తమస్కంధం ఇచ్చినంత చోటు ఇవ్వడం దాని ఆర్థికవిధానానికే విరుద్ధం. చరవాణి తెరమీద రెండు నిమిషాల తునకగా వచ్చే నరసింహుని సంగతి ఇక చెప్పేదేముంది? అక్కడ గోళ్లు ఉంటాయి, ప్రహ్లాదుడు ఉండడు.

ఎవరికి ఉపశమనం?

ఇంతవరకు చెప్పినదానిపై ఒక గట్టి అభ్యంతరం ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. ఈ కథల్లో శాంతి భక్తునికి దక్కుతుంది, చచ్చినవానికి దక్కదు. రక్తవిలోచనుని నెత్తురు ఏరయింది గాని అతనికోసం ఏడ్చినవారెవరో స్థలపురాణం చెప్పదు. రాక్షసుడు అనే ముద్ర పడినవాణ్ణి చంపవచ్చునని పిల్లవాడు నేర్చుకుంటే, రేపు ఆ ముద్రను ఎవరిమీద వేయాలో నేర్పడానికి మనుషులు సిద్ధంగానే ఉంటారు. ప్లేటో తన ‘రిపబ్లిక్’ రెండో భాగంలో దేవతలు తండ్రులను హింసించిన కథలు పిల్లలకు చెప్పరాదనీ, అంతరార్థం ఉందన్న సమర్థన పనికిరాదనీ, పసివాడు అంతరార్థాన్ని విడదీయలేడనీ వాదించాడు. గ్రిమ్ సోదరులు పిల్లలు కసాయి ఆట ఆడిన కథను 1812లో అచ్చువేసి, 1819 ముద్రణలో తొలగించారు. ఆ ఆందోళన నిజమైనదే. అయితే ప్లేటో వాదానికి ఒక ఊహ పునాది: పిల్లవాడు కథను ఒంటరిగా, ఒక్కసారి, ఒక్క ఘట్టంగా వింటాడని. డెల్టాలో అలా వినే అలవాటు ఇటీవలిది.

ఇంతకూ ఆ సంప్రదాయంలో పిల్లవాడు శ్రోత మాత్రమే కాడు. గోదావరి జిల్లాల్లో చాలా కుటుంబాలు పసితనంలో చనిపోయిన పిల్లలను వీరభద్రులుగా భావించి ఇంట కొలుస్తాయి. పెళ్లివంటి శుభకార్యాలకు ముందు సంబరం చేసి వారిని తలుచుకుంటాయి. డేవిడ్ నైప్ 1989లో ప్రచురించిన వ్యాసం రాజమండ్రి ప్రాంతపు ఈ ఆచారాన్ని పండితలోకం దృష్టికి తెచ్చింది. చనిపోయిన బిడ్డ అక్కడితో ఆగిపోక పెరుగుతూనే ఉంటాడనే నమ్మకం ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. దక్షుని తల నరికిన దేవత పేరును ఒక తల్లి తన పోయిన బిడ్డకు ఎందుకు పెడుతుంది? బిడ్డ చావు మీద ఆమెకున్న కోపానికి అంత పెద్ద రూపం మరెక్కడా దొరకదు గనుక. ఆ కోపాన్ని ఏటేటా ఆడించి, పాడించి, ఏటికి సాగనంపి చల్లబరచడం సంబరం పని. ఆ ఇంట్లో బతికున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్నంతా చూస్తూ పెరుగుతారు. వారికి వీరభద్రుడు పురాణపురుషుడు కాడు, అన్నయ్య.

ఇక చచ్చిన రాక్షసుని సంగతి. భాగవతం దానిని పూర్తిగా మరచిపోలేదు. నరసింహుడు వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు తనకంటూ ఏ కోరికా పుట్టకుండా ఉండటమే వరంగా కోరి, ఆ తరువాత ద్వేషంతో స్వామిని నిందించిన తన తండ్రికి ఆ పాపం అంటకూడదని అడిగాడు. స్వామి మన్నించి, ముందు తండ్రికి అంత్యక్రియలు చేయమన్నాడు. ఏ ఒడిలోంచి కిందికి తోశారో ఆ శరీరానికి పిల్లవాడు తన చేతులతో ప్రేతకార్యాలు చేశాడు. పట్టాభిషేకం ఆ తరువాతనే. బాలల కోసం నేడు అచ్చవుతున్న ప్రహ్లాదచరిత్రల్లో పట్టాభిషేకపు బొమ్మ తరచు కనిపిస్తుంది. చితి దగ్గర నిలబడిన కొడుకు బొమ్మను నేనింతవరకు చూడలేదు.